సున్నం గీకిన గోడ

గావిన్ లోవీ పడవ మే నెలలో పోర్ట్ ఎల్రిక్ రేవు ముఖద్వారంలోనే నల్ల స్కార్ రాళ్ళకు కొట్టుకుని మునిగిపోయింది. ఆ ప్రమాదం మీద సోమవారం అబర్డీన్‌లో విచారణ మొదలవుతుంది. తప్పు పడవ నడిపినవాడిదేనని అధికారులు ముందే రాసుకున్నారని ఊళ్ళో అందరికీ తెలుసు. చనిపోయినవాడు వచ్చి కాదని చెప్పలేడు. అతని అక్క ఎల్‌స్పెట్ ఆ పని తన మీద వేసుకుంది. తమ్ముడి పేరు మీద ఆ మచ్చ పడనివ్వనని ఆమె పట్టుదల.

శుక్రవారం ఆమె ఎప్పటిలాగే యాత్రికుల బస్సులో గైడుగా బయలుదేరింది. డన్‌ఎల్రిక్ కోట చూపించింది. గానెట్ పక్షుల కొండ చూపించింది. తర్వాతి మజిలీ రేవు పైన ఉన్న పాత చర్చి. ఎల్రిక్ తీర ట్రస్టు ఆ శిథిలాన్ని బాగుచేయించి, సముద్రం వైపు చెక్క వేదిక కట్టించింది. ఆ రోజే ప్రారంభం. యాత్రికులు దిగి గోడ ముందు నిలబడ్డాక ఎల్‌స్పెట్ మైకు నోటి దగ్గర పెట్టుకుంది. ఈ గోడ మీద ఏప్రిల్ దాకా వెల్ల ఉండేదని, దాన్ని గీకించినవాళ్ళే తన తమ్ముణ్ణి చంపారని చెప్పింది. రిబ్బను దగ్గర నిలబడ్డ ట్రస్టు అధ్యక్షుడు హ్యూగో ఫార్కర్ కత్తెరను బల్ల మీద పెట్టి ఆమె వైపు నడిచాడు.

అతను గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆమె దుఃఖం తనకు అర్థమవుతుందన్నాడు. కార్యక్రమం అయ్యాక తన ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. ఎల్‌స్పెట్ మైకు దించలేదు. ఆమె జవాబు వేదిక చివర నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించింది.

"ఆఫీసులో మీరు చెప్తే నేను వినాలి దొరగారూ. ఇక్కడ నేను చెప్తే మీరు వినాలి. ఇక్కడే బాగుంది."

దొర అనే మాట ఊళ్ళో అతని వెనక అనేది. తాతల నాడు ఈ తీరమంతా ఫార్కర్లదే. ఎదురుగా ఆ మాట అనడం అతను మొదటిసారి విన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

లీడ్స్ నుంచి వచ్చిన ఒకావిడ పక్కవాణ్ణి, ఇది కూడా యాత్రలో భాగమేనా అని అడిగింది. అతను తెలియదన్నాడు. అయినా ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

ఎల్‌స్పెట్ వాళ్ళ వైపు తిరిగి, ట్రస్టు పెట్టిన బోర్డు మీద రాయని సంగతి చెబుతానంది. రేవులోకి వచ్చే పడవకు రెండు ఆనవాళ్ళు కావాలి. ఒకటి జెట్టీ చివర దీపం. రెండోది పైనున్న ఈ గోడ. సముద్రం మీద నుంచి చూసినప్పుడు తెల్లగోడ సరిగ్గా దీపం నెత్తిన నిలబడితే పడవ లోతునీళ్ళలో ఉన్నట్టు. గోడ కుడికి జరిగితే పడవ నల్ల స్కార్ మీదికి పోతున్నట్టు. పొద్దువాలాక కొండా గడ్డీ రాయీ ఒకే రంగులో కలిసిపోతాయి. అప్పుడూ కనబడేది వెల్ల ఒక్కటే. దాన్ని ట్రస్టు గీకించింది. లోపలున్న ఎర్రరాయి ఫోటోల్లో బాగుంటుందని.

"బాగుంటుందని కాదు," అన్నాడు ఫార్కర్. "సున్నం పొరల కింద రాయి చెమ్మపట్టి పొడి అవుతోంది. గోడ నిలబడాలంటే తియ్యాలని నిపుణులు చెప్పారు."

"గోడ నిలబడింది. మావాడు నిలబడలేదు."

ఫార్కర్ ఊరివాళ్ళ వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత అన్న మాట అతను అనాలనుకుని వచ్చిన మాట కాదని అతని ముఖమే చెప్పింది.

"మేం అడగకుండా తియ్యలేదు ఎల్‌స్పెట్. మార్చిలో ఊరి హాల్లో మీటింగ్ పెట్టాం. ఊరంతా వచ్చింది. ఈ వెల్ల ఎందుకు వేస్తారు, దీంతో ఇంకా పనుందా అని నేనే నిలబడి అడిగాను. అలవాటు అన్నారు. ఇప్పుడు అన్ని పడవల్లోనూ దారి చూపే యంత్రాలున్నాయి, తీసేసుకోండి అన్నారు. ఒక్కరు కూడా వద్దనలేదు."

ఎల్‌స్పెట్ అది అబద్ధమంది. పోర్ట్ ఎల్రిక్‌లో పుట్టినవాడెవడూ ఆ మాట అనడని చెప్పింది. మార్చిలో ఆమె ఊళ్ళో లేదు. వేరే బృందాన్ని స్కై దీవికి తీసుకువెళ్ళింది. మీటింగ్ జరిగిందని తర్వాత తెలిసింది. అందులో ట్రస్టువాళ్ళు ఊరికి తమ నిర్ణయం చెప్పి వెళ్ళారనే ఇంతకాలం అనుకుంది. ఊరు కూడా ఆమెను అలాగే అనుకోనిచ్చింది.

"నా మాట నమ్మక్కర్లేదు," అన్నాడు ఫార్కర్. "రన్సీ అక్కడే ఉన్నాడు. ఆయన్నే అడగండి."

ఎకీ రన్సీ రేవు అధికారి. ఎల్‌స్పెట్ తండ్రికి వరసకు తమ్ముడు. తండ్రి పోయాక గావిన్‌కు పడవ నడపడం నేర్పినవాడు. అతను ప్రారంభోత్సవానికి కోటు వేసుకుని వచ్చి జనం వెనక నిలబడ్డాడు. తన పేరు వినగానే టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఎల్‌స్పెట్ మైకు ఆపేసింది. ఆమె కోపం అప్పటిదాకా పరాయివాళ్ళ మీద. పరాయివాళ్ళను కేకలేయడం తేలిక.

"బాబాయ్, ఈయన చెప్పేది నిజమేనా?"

"నిజమే."

"నువ్వు ఉన్నావా అక్కడ?"

"ఉన్నాను."

"ఏమన్నావు?"

"ఏమీ అనలేదు పిల్లా. ఎవరమూ ఏమీ అనలేదు. అదే జరిగింది."

అతను తర్వాత చెప్పింది యాత్రికులకు అర్థమైందో లేదో తెలియదు. ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. పోర్ట్ ఎల్రిక్‌లో పెళ్ళికి ముందు స్నేహితులు వరుణ్ణి పట్టుకుని మసి, బెల్లపు పాకం, ఈకలు పూసి బండి మీద ఊరేగిస్తారు. అది ఈ తీరమంతా ఉన్నదే. ఈ ఊరికి మాత్రం దానికి జత ఇంకోటుంది. ఊరు వరుణ్ణి నల్లగా పూస్తుంది, పెళ్ళయ్యాక అతను గోడను తెల్లగా పూయాలి. ఈస్టరుకు ముందు శనివారం ఊళ్ళో అందరికంటే కొత్తగా పెళ్ళైనవాడు నిచ్చెన ఎక్కుతాడు. కింద తొట్టిలో అతని భార్య సున్నం కలుపుతుంది. అంతకు ముందటి పెళ్ళికొడుకు నిచ్చెన పట్టుకుంటాడు. ఆ కుంచె ఇంకెవరూ ముట్టుకోరు. ముట్టుకున్నవాడి సంసారం నిలవదని నమ్మకం. ఏడాదిలో పెళ్ళిళ్ళు లేకపోతే పాత పెళ్ళికొడుకే మళ్ళీ ఎక్కుతాడు. అందువల్ల గోడ ఎప్పుడూ నల్లబడలేదు.

ఈ ఏడు వంతు గావిన్‌ది.

గావిన్ కిందటేడు జూన్‌లో, ఫిర్త్ అనే సముద్రపు పాయకు అవతలి ఒడ్డున విక్ వైపు పిల్ల క్యాట్రియోనాను చేసుకున్నాడు. ఆమె జనవరిలో బట్టల పెట్టెతో బస్సెక్కి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో అతను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. జెట్టీ మీద అతను ఎదురొస్తే మగవాళ్ళు పీతల ధర గురించి మాట్లాడేవారు.

"ఈస్టరు దగ్గరికొస్తోంది," అన్నాడు ఎకీ. "వాడు నిచ్చెనెక్కాలి. కింద తొట్టి దగ్గర మనిషి లేదు. ఊరంతా కింద నిలబడి చూస్తుంది కదా. వాణ్ణి ఎక్కమని చెప్పేదెవరు? నీ బదులు నేనెక్కుతానంటే అది ఇంకా అవమానం. అట్లాంటప్పుడు ఈయనొచ్చి వెల్ల తీసేస్తామన్నాడు. దేవుడే పంపించాడనుకున్నాం."

ఎల్‌స్పెట్ అతని చుట్టూ నిలబడ్డ మగవాళ్ళను చూసింది. అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ నిచ్చెన ఎక్కినవాళ్ళే. ఒకడు బూటుతో గడ్డిని తొక్కుతున్నాడు. ఒకడు సిగరెట్ ముట్టించబోయి మానేశాడు.

"అంటే వాడికి సిగ్గేస్తుందని," అంది ఆమె. "వాడికి సిగ్గేస్తుందని గోడ అమ్మేశారు. మీ పడవలకి కొత్త యంత్రాలున్నాయి. వాడిది పాతదని, వానొస్తే తెర ఆరిపోతుందని మీకందరికీ తెలుసు. వాణ్ణి ఎగతాళి చెయ్యడానికి ఏనాడూ సిగ్గుపడనివాళ్ళు, ఒక్క మాట చెప్పడానికి సిగ్గుపడ్డారు."

ఆమె ఎకీని అడిగింది.

"హాల్లో తీసేసుకోండి అని నోరు తెరిచి అన్నదెవరు? అందరూ ఒకేసారి అనరు కదా. ఎవరో ఒకరు ముందు అంటారు."

ఎకీ టోపీని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అతని చూపు ఆమెను దాటి, గోడ నీడలో వేసిన పొడుగాటి బల్ల మీదికి పోయింది. ఆ బల్ల దగ్గర చర్చి ఆడవాళ్ళు టీ, స్కోన్లు అందిస్తున్నారు. టీ పోస్తున్నది నెట్టా లోవీ. ఎల్‌స్పెట్‌కూ గావిన్‌కూ తల్లి.

ఎల్‌స్పెట్ తల్లి దగ్గరికి నడిచింది. మైకు తీగ వెనకే నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. నెట్టా కూతురు రావడం చూసింది. చేతిలో కెటిల్ దించలేదు. ఎదురుగా నిలబడ్డ డచ్చాయన కప్పు నింపి, పాలు అటు ఉన్నాయని చూపించింది.

"నువ్వేనా అమ్మా?"

"నేనే."

"వీళ్ళకి గోడ ఇచ్చింది నువ్వు. ఇప్పుడు వీళ్ళకి టీ పోస్తున్నదీ నువ్వే."

"టీ పొయ్యమని చర్చి అడిగింది. పోస్తున్నాను. అరవకు, నీ బస్సువాళ్ళు చూస్తున్నారు."

"చూడనీ. కొడుకు పోయి ఇంకా మూణ్ణెల్లు కాలేదు. వాణ్ణి ముంచిన గోడ ముందు నిలబడి స్కోన్లు పంచుతున్నావు. చూడనీ."

నెట్టా కెటిల్‌ను ఇంకో కప్పు మీదికి వంచింది. ఆమె కూడా కోపంగానే ఉంది. లోవీల ఇంట్లో కోపం వచ్చినప్పుడు గొంతు లేవదు, తగ్గుతుంది.

"వాడు ఫిబ్రవరి అంతా నా వంటింట్లో కూర్చుని గోడకేసి చూసేవాడు. నువ్వెక్కడున్నావు? జనానికి కోటలు చూపిస్తున్నావు. వాడు నిచ్చెనెక్కితే కింద సున్నం కలిపేదెవరు? నేనా? నువ్వా? తల్లో అక్కో కలుపుతుంటే మొగుడు పెళ్ళాం ఆటాడినట్టు నిలబడాలా వాడు ఊరి ముందర? వాడు నన్ను ఒక్కటే అడిగాడు. అమ్మా, శనివారం నేను ఎక్కడికైనా పోతాను అన్నాడు. పోతే పారిపోయాడంటారు. ఎక్కితే నవ్వుతారు. అందుకే నేను లేచి అన్నాను. తీసేసుకోండి, ఎవరికీ పన్లేదు అన్నాను. హాల్లో ఆడవాళ్ళందరికీ నేనెందుకన్నానో తెలుసు. ఒక్కత్తి నోరెత్తలేదు. వాళ్ళకి నేను ఈ జన్మంతా రుణపడి ఉంటాను."

"రుణం తీరింది. కొడుకునిచ్చి తీర్చావు."

బల్ల దగ్గర ఆడవాళ్ళలో ఒకామె, చాలు ఎల్‌స్పెట్, అంది. ఎల్‌స్పెట్ ఆమె వైపు చూడనుకూడా లేదు.

ఫార్కర్ ఈలోగా దగ్గరికి వచ్చాడు. అతని ముఖంలో ఇప్పుడు ఎరుపు లేదు. ఈ వరస గురించి తనకు ఎవరూ చెప్పలేదన్నాడు. పెళ్ళికొడుకు సంగతి, ఆనవాలు సంగతి ఒక్క మాట చెవిన వేసినా పని ఆపించేవాణ్ణి, కావాలంటే గోడ మీద దీపం పెట్టించేవాణ్ణి అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. అందుకే ఎల్‌స్పెట్‌కు ఇంకా మండింది.

"మీ తాతల కాలం నుంచి ఈ ఊరి చేప తింటున్నారు. అలవాటు అంటే సరే అని టీ తాగి వెళ్ళిపోయారు. ఎందుకు అలవాటు అని రెండోసారి అడగడానికి మీకు నోరు రాలేదు. వీళ్ళకి చెప్పడానికి నోరు రాలేదు. ఎంత మర్యాదస్తులో మీరంతా. సోమవారం విచారణలో నేను ఇదే చెప్తాను. పడవ నడిపినవాడు తప్పు చెయ్యలేదు. ఊరు మర్యాద చేసింది. అందులో మునిగాడు అని చెప్తాను."

"వాడి పెళ్ళాం వదిలేసిందని జిల్లా పేపర్లన్నిట్లో రాయిస్తావా?" అంది నెట్టా.

"రాయిస్తాను."

"వాడు బతికుండగా నేను దాచింది, చచ్చాక నువ్వు విప్పుతావు."

"చేతకాక మునిగాడని రాసేకంటే అదే నయం. వాడు వెల్ల కోసం వెతికాడమ్మా. చివరిదాకా వెతికాడు. బాబాయే విన్నాడు కదా వైర్‌లెస్‌లో. తెలుపు కనబడటం లేదు, తెలుపు ఎక్కడ అని. వాడి ఆఖరి మాట అదే. నేను దాన్ని విచారణలో చదివిస్తాను."

ఆ మాట దగ్గర ఎకీ రన్సీ తలెత్తాడు. అతను బల్ల దగ్గరికి వచ్చి టోపీని కప్పుల మధ్య పెట్టాడు.

"అది చదివించకు పిల్లా."

"ఎందుకు?"

"గోడ గీకింది ఏప్రిల్‌లో. పరంజా వేసి నాలుగు రోజులు గీకారు. ఆ నాలుగు రోజులూ గావిన్ జెట్టీ మీద నిలబడి చూశాడు. తర్వాత రోజూ ఆ ఎర్రగోడ కిందికే పడవ తెచ్చుకున్నాడు. దీపాన్ని కొండ మీది కొట్టం చూరుతో కలిపి చూసుకునేవాడు, నాతోనే చెప్పాడు. ఇప్పుడు నువ్వే చెప్పు. వెల్ల లేదని తెలిసినవాడు దానికోసం ఎందుకు వెతుకుతాడు?"

గాలికి బల్ల మీది కాగితపు రుమాళ్ళు ఎగిరాయి. వాటిని పట్టుకోవడానికి ఎవరూ వంగలేదు.

"చీకట్లో కంగారులో మరిచిపోయి ఉంటాడు," అంది ఎల్‌స్పెట్ చివరికి.

"మరిచిపోలేదు."

నెట్టా కెటిల్‌ను బల్ల మీద పెట్టింది. "ఎకీ, ఇక ఆపు," అంది.

"ఎట్లా ఆపను నెట్టా? నువ్వు ఒట్టు వేయించుకున్నావు, నోరు మూసుకున్నాను. లోవీ పడవ నుంచి పిలుపొచ్చింది అని రాసిచ్చాను. అందులో అబద్ధం లేదు. ఎవరి గొంతు అని నన్ను ఒక్కరూ అడగలేదు. సోమవారం అడుగుతారు. బైబిల్ మీద చెయ్యి పెట్టించి అడుగుతారు." అతను ఎల్‌స్పెట్ వైపు తిరిగాడు. "అది గావిన్ గొంతు కాదు. మగగొంతే కాదు. ఆడమనిషి. జనవరి తర్వాత ఈ రేవు చూడని ఆడమనిషి. గోడ తెల్లగానే ఉందనుకుంటోంది. గీకేశారమ్మా, దీపాన్ని ఎడమకి ఉంచుకుని రా అని నేను అరుస్తూనే ఉన్నాను. వినబడలేదు."

యాత్రికుల్లో ఎవరో గుసగుసగా ఏదో అడిగారు. బస్సు డ్రైవరు మెల్లగా వాళ్ళను వేదిక మెట్ల వైపు నడిపించడం మొదలుపెట్టాడు.

ఎల్‌స్పెట్ బల్ల అంచు పట్టుకుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చింది గావిన్ ఒక్కడే. అతను ఒంటరిగా వెళ్ళాడనే అందరూ చెప్పారు. విక్ వైపు నుంచి ఎవరూ ఏమీ అడగలేదు. క్యాట్రియోనా గ్లాస్గోలో ఉందని అక్కడివాళ్ళు అనుకుంటున్నారు.

"గావిన్ ఆమెను తీసుకొస్తున్నాడా?" అని అడిగింది.

"తీసుకొస్తున్నట్టే ఉంది," అన్నాడు ఎకీ. "అయితే నాకు ఇన్నాళ్ళూ నిద్ర పట్టనిది అందుకు కాదు. వాడు ఆమె పక్కనే నిలబడి ఉంటే, గోడ గీకేశారే, చూడకు అని చెప్పేవాడు కదా. ఎందుకు చెప్పలేదు? పడవ రాయికి తగలకముందే వాడికేమైంది?"

ఎల్‌స్పెట్ తల్లి వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

"అమ్మా. క్యాట్రియోనా ఎక్కడుంది?"

ఆ ఊరి ఆడవాళ్ళు మునిగిన మనిషి మాట వస్తే నల్ల స్కార్ వైపు చూస్తారు. నెట్టా అటు చూడలేదు. కొండ దిగువకు, ఇళ్ళ వరసలోకి, తన ఇంటి పైగది కిటికీ వైపు చూసింది. చూసిన వెంటనే చూపు తిప్పుకుంది. కానీ అప్పటికే ఎల్‌స్పెట్ ఆ ఇంటి దారి మీదికి దిగి నడుస్తోంది.